రాజేంద్రనగరమునఁ గాకుల వేఁట

వేఁట యనఁగనే మనకు దుప్పి, లేడి, అడవిపంది మొదలగునవి జ్ఞప్తికి వచ్చును గాని కాకి జ్ఞప్తికి రాదు. కాకిని వేఁటాడువారు గూడ నుందురా యని మీరు నవ్వవచ్చును. కలరు. అమెరికాదేశమునఁ గాకివేఁట యొక వినోదము. 1972వ సంవత్సరమున మెక్సికో దేశముతోఁ గుదిరిన యొడంబడికవలనఁ గాకి కూడ వలసపక్షుల రక్షణ చట్టములోనికి వచ్చెను. అయినను ఏఁటికి 124 దినములకు మించకుండ వేఁటకాలమును నిర్ణయించుకొనుటకు అచ్చటి రాష్ట్రములకు స్వాతంత్ర్యము గలదు. ఆ వేఁటకాండ్రు తుపాకి పట్టుటకు ముందు కొన్ని దినములు ఊరక తిరిగి చూతురఁట. కాకులు రాత్రి యే తోఁపున నిద్రించును, తెల్లవాఱఁగనే యే త్రోవనుబట్టి పోవును, ఎచ్చట మేయును, ఎచ్చట నీరు ద్రావును అను సంగతులను గుర్తించుకొందురు. ఒక గుడ్లగూబ బొమ్మను చెట్టుకొమ్మపై నిలిపి, కాకికూఁత నూఁది, తామాకుల చాటున నడఁగియుందురు. ఇంత చేసియు నొక్క కాకియు రాని దినము లుండును. వేఁటకాని నేర్పంతయు నట్టి వట్టి దినములయందే తేలును.

గుడ్లగూబ బొమ్మ యనఁగా నాకు సౌప్తికపర్వము జ్ఞప్తికి వచ్చినది. అశ్వత్థామ నిదుర పట్టక మఱ్ఱిచెట్టు క్రిందఁ బొరలుచుండఁగా, ఒక గూబ యడుగు చప్పుడైనను లేక వచ్చి, కొమ్మలపై నిద్రించు కాకులను జంపుట చూచెను. దానినుండియే యతనికి రాత్రివేళ శిబిరముపైఁ బడు పాడు తలంపు పుట్టెను. పంచతంత్రమునఁ గాకియే వేగులవాఁడు. స్థిరజీవి యను ముదుసలి కాకి శరణార్థివలె గూబల గుహఁ జేరి, వాని జాడ లన్నియుఁ గనిపెట్టి, పట్టపగలు గుహద్వారమున నిప్పు పెట్టించినది. జాడఁ దీయు విద్యలోఁ గాకి మనకంటెఁ బెద్ద చదువరి యని యెఱిఁగియే మనము దాని జాడఁ దీయఁ బూనుకొనవలెను.

మా రాజేంద్రనగరమున తుపాకి మాట లేదు. మన దేశమున 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుకతోను గబ్బిలముతోను జేర్చి కాకిని గూడ హానిజంతువుల పట్టికలో వ్రాసినది. 2022 నాఁటి సవరణతో నా పట్టికయే తొలఁగిపోయినది. అయినను ఇచ్చటఁ గాకుల జాడఁ దీయక తప్పనివారు మూఁడు తెగలవారు గలరు. పొలము గాచు రైతు, విమానములు దిగు నేల గాచు నుద్యోగి, పితృదినమున విస్తరి చేతఁ బట్టుకొని మేడమీఁద నిలుచు గృహిణి. నేను మూఁడవ తెగదానను.

ముందు ఊరి మాట చెప్పెదను. 1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచిన పిమ్మట, వరదను నిలుపుటకును నగరమునకు నీరిచ్చుటకును రెండు పెద్ద చెఱువులు గట్టిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఈ రెండవదాని చేరువనే మా రాజేంద్రనగరము. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఇచ్చటనే స్థాపింపఁబడినది. దాని పొలములు, తోఁటలు, పెద్దచెట్లు ఈ ప్రాంతమునకుఁ బ్రాణము. దక్షిణమున శంషాబాదులో 2008 మార్చిలో విమానాశ్రయము తెఱచిరి. మఱుసటి యేఁడు మెహిదీపట్టణమునుండి ఆరాంఘరు వఱకు స్తంభములపై పదునొకండు కిలోమీటర్లకుఁ బైగా వంతెనబాట వేసిరి. నాఁటినుండి పెంకుటిండ్ల స్థానమున నంతస్తుల మేడలు లేచినవి. వేపచెట్టు క్రింద వాకిట నుండవలసిన వాయసపిండము ఐదవ యంతస్తు పైకప్పున కెక్కినది.

కాకికిఁ బెట్టు నీ యాచారమునకు మూలము ఉత్తరరామాయణమునఁ గలదు. మరుత్తుఁడు యజ్ఞము సేయుచుండఁగా రావణుఁ డచ్చటికి వచ్చెనఁట. దేవతలు భయపడి పక్షిజంతురూపములు దాల్చిరి. ఇంద్రుఁడు నెమలి యయ్యెను, వరుణుఁడు హంస యయ్యెను, కుబేరుఁడు తొండ యయ్యెను, యముఁడు కాకి యయ్యెను. గండము గడచిన పిమ్మట నెవరు దాఁచిన ప్రాణికి వారు వరము లిచ్చిరి. నీవు భుజించి తృప్తి నొందినచో నా లోకమందలి వారును దృప్తు లగుదురని యముఁడు కాకికి వర మిచ్చెను. ప్రాణము దాఁచినందులకుఁ జెల్లించిన ఋణము గావుననే కాఁబోలు ఇది యింతకాలము నిలిచినది.

2025వ సంవత్సరము జ్యేష్ఠమాసమున మా మామగారి తొలి యాబ్దికము జరిగినది. పురోహితుఁడు విధులన్నియుఁ జక్కఁగా జరిపెను. అపరాహ్ణమున మావారు విస్తరిని పైకప్పున నుంచి వచ్చిరి. ఒక గడియ గడచినది; రెండు గడియలు గడచినవి. పావురములు వచ్చినవి, మెతుకులు చెదరఁగొట్టినవి. మా పట్టణమునఁ బావురములకుఁ గొదువ లేదు. వానిని దోలుటకు మావారు గొడుగు పట్టుకొని యెండలో నిలుచుండిరి. కాకి మాత్రము రాలేదు. వచ్చిన చుట్టములలో నొకరు, "ఆయన కేదో కోరిక మిగిలిపోయినది" అనిరి.

ఆ మాట యనినవారు మఱచిపోయిరి. మా యత్తగారు మఱవలేదు. కడపటి దినములలో మామగారు అల్లపు గారెలు కావలెనని యడిగిరి. నూనె తగులరాదని వైద్యుఁడు చెప్పియుండుటచే నామె పెట్టలేదు. ఆ నాఁడు విస్తరిలో గారెలున్నను గాకి రాకపోయెను గదా! "అప్పుడు పెట్టనిదానవు, ఇప్పుడు పెట్టినచో నెవరికి గావలెనని ఆయన కోపము" అని యామె రాత్రులు తనలో దాననుకొనుట నేను వింటిని. డెబ్బదియేండ్ల యామెకు శాస్త్రము చెప్పి యొప్పించుట నా తరము గాదు. కావున నామెతోఁ గూడఁ గాకుల జాడ దీయ నిశ్చయించితిని.

పితృపక్షము సెప్టెంబరు 8వ తేదీని ఆరంభమైనది. పెత్రమాస 21వ తేది. నడుమ రెండు వారముల గడువు గలదు. మావారు పాఠశాలలో గణితము చెప్పుదురు గావున నీ పనిలో వారి కుత్సాహము మిక్కుటమాయెను.

మొదటి సాయంకాలము మా బుద్వేలులోని మేడపై నేనును అత్తగారును గూర్చుంటిమి. ఆఱుగంటలకు ముందుగాఁ గాకులు రెండేసి, మూఁడేసి, పిమ్మటఁ బదేసి చొప్పున మా తలలమీఁదుగాఁ బోవుచున్నవి. కూఁత లేదు, తొందర లేదు. కార్యాలయము మూసిన పిమ్మట నింటికిఁ బోవు గుమాస్తాలవలె నుండినవి. అన్నియు నొక్క దిక్కునకే, దక్షిణముగా నొకింత పడమరకు. మఱునాఁడు కిస్మత్‌పురములోని మా యాడుబిడ్డ యింటి పైకప్పునుండి చూచితిమి. అచ్చటఁ గాకులు దక్షిణముగా నొకింత తూర్పునకుఁ బోవుచుండెను. మావారు ఊరిపటము పఱచి రెండు గీఁతలు గీచిరి. ఆ రెండు గీఁతలు గలిసిన చోటు విశ్వవిద్యాలయపు పొలముల వైపున నున్న పెద్దచెట్ల గుంపు. మూఁడవనాఁడు బాటప్రక్కన నిలిచి చూడఁగా గీఁత తప్పలేదు. కాకులు సూటిగాఁ జెట్లెక్కలేదు. ముందుగా మైదానమున దిగి, తీఁగెలపైఁ గూడి, నానా రభసయుఁ జేసి, చీఁకటి పడుచుండఁగా నొక్కుమ్మడిగా లేచి కొమ్మలలోనికిఁ బోయినవి. అత్తగారు లెక్కింపఁబోయి రెండువందలు దాఁటిన పిమ్మట విడిచిపెట్టిరి. "ఇన్ని కాకులుండఁగా మన కొక్కటి రాలేదా!" అనిరి. ఆ గొంతునందు దుఃఖముకంటెఁ గోపమే హెచ్చుగా నుండుట నాకు శుభముగాఁ దోఁచినది.

ఇఁక ఉదయము. సూర్యోదయమునకు ముందే అవి లేచి తమ తమ మేఁతచోట్లకుఁ జెదరిపోవును. మా వీధిమీఁదుగాఁ బోవునవి నేరుగాఁ గోళ్లు గోయు నంగళ్ల వెనుకకుఁ గొన్ని, విద్యార్థుల వసతిగృహముల వంటయిండ్ల దగ్గఱకుఁ గొన్ని, దున్నిన తడిపొలములలోనికిఁ గొన్ని పోవుచుండెను. వంటయింటి కాకులకుఁ గాలజ్ఞాన మెంత యనఁగా, మిగిలిన యిడ్డెనలు పాఱవేయు వేళకు నిమిషములు ముందుగా వచ్చి గోడపైఁ గూర్చుండును. పదిగంటలు దాఁటిన పిమ్మట నొక్కొక్కటియే నీడ కేగును. పట్టపగలు ముక్కు తెఱచి, ఱెక్కలు కొంచెము సడలించి, ఆకుల నడుమఁ గునికిపాట్లు పడుచుండును. మరల నాలుగు గంటలకుఁ గాని కదలవు.

మనము వాయసపిండము పెట్టునది యెప్పుడు? అపరాహ్ణమున! కాకి నిద్రించువేళ!

జ్యేష్ఠమున మఱియొక కారణము గూడఁ గలదు. వేసవి మొదలు తొలకరి వఱకు ఊరకాకులు గూండ్లు గట్టి పిల్లలను బెంచు కాలము. గ్రుడ్లు పొదుగుటకుఁ బదునాఱు పదునేడు దినములు పట్టును. అప్పు డవి గుంపులు విడిచి జంటలుగా విడిపోయి తమ చెట్టును గాచుకొనుచుండును. కోయిల యెప్పుడు తన గ్రుడ్డు దెచ్చి గూఁటఁ బెట్టునో యని వానికి సదా సందేహము. అట్టి కాలమున గూఁటికి దూరముగా నున్న క్రొత్త మేడమీఁది క్రొత్త విస్తరిని నమ్మి యేది వచ్చును? ఈ సంగతి నేను చెప్పఁగా అత్తగారు చాల సేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే ఆ నాఁడు ఆయన కోపగించి రాకపోలేదు, పిల్లలతల్లి యిల్లు గదలలేదన్న మాట" అనిరి. ఆ రాత్రి యామె నిద్రించిరి.

కాకి నమ్మకమును గూర్చి యొక మాట. అమెరికాలోని సియాటిలు నగరమున 2006లో విశ్వవిద్యాలయ పండితులు వికారపు ముసుఁగు ధరించి యేడు కాకులను బట్టి, గుర్తు వేసి విడిచిరి. ఏండ్లు గడచినను ఆ ముసుఁగుతో నెవరు నడచినను గాకులు గుంపుగూడి తిట్టుచుండెనఁట. పట్టువడని కాకులును, తరువాతఁ బుట్టిన పిల్లలును గూడఁ దిట్టుట నేర్చినవఁట. మన ఊరకాకిది వేఱు జాతి యైనను బుద్ధిలోఁ దీసిపోదు. ఒకసారి ఱాయి రువ్విన చేతిని అది మఱవదు. మీ యింటఁ బిల్లలు కాకులపై ఱాళ్లు రువ్వుచుందురేని, పితృదినమునఁ గాకి రాలేదని పితరులను నిందించుట న్యాయము గాదు.

విశ్వవిద్యాలయమునఁ బంటలకు హాని చేయు పక్షులను గూర్చియుఁ జిరకాలముగాఁ బరిశోధనలు జరిగినవి. మొక్కజొన్న విత్తిన పొలమున మొలకను బెఱుకునదియుఁ గాకియే, కండె పాలు పట్టునప్పుడు పొట్టు చీల్చునదియుఁ గాకియే, చిలుకయు. అందులకై యొకవైపు ఎఱుపు, ఒకవైపు వెండిరంగు గల సన్నని మెఱుపురిబ్బనును మెలిపెట్టి చేని కడ్డముగాఁ గట్టుదురు. ఎండకు మెఱసి గాలికి మ్రోగును, కాకి బెదరును. ఇది చదివినప్పుడు నాకొక సంగతి స్ఫురించినది. మనము పైకప్పునఁ బెట్టునది తళతళలాడు స్టీలు పళ్లెము! రైతు కాకిని దోలుటకుఁ జేయు పనినే మనము పిలుచుటకుఁ జేయుచున్నాము. ఆ దినమునుండి మోదుగాకు విస్తరియే వాడితిమి.

అయితే దున్నుచున్న నాఁగలి వెంట నడచుచుఁ బురుగుల నేఱుకొని తినునదియు నీ కాకియే యని రైతులే చెప్పుదురు. వానలు మెండుగాఁ గురిసిన దినములలో అందులకే మేడలమీఁదికిఁ గాకులు రావు. పొలమంతయు విందు పఱచియుండఁగాఁ జప్పని మెతుకు లెవరికిఁ గావలెను?

శంషాబాదు విమానాశ్రయమువారి కష్టము దీనికిఁ దలక్రిందు. మనకుఁ గాకి రాకున్న దిగులు. వారికి వచ్చిన దిగులు. ఎగురు విమానపు యంత్రములోనికిఁ బక్షి పోయినచో నెంత ప్రమాదమో వేఱుగఁ జెప్పనక్కఱ లేదు. అందుచే 1937 నాఁటి విమాన నిబంధనలలో 91వ నిబంధన విమానాశ్రయమునకుఁ బది కిలోమీటర్ల లోపల బహిరంగముగాఁ బశువులను గోయుటను, చెత్త పాఱవేయుటను నిషేధించినది. చెత్త యున్నచోఁ గాకియు గద్దయు వచ్చును. గడ్డి పెరిగినచోఁ బురుగు, పురుగునకై కొంగ. వారును మనవలెనే ప్రొద్దున సాయంకాలములఁ బక్షుల త్రోవలు గనిపెట్టుదురు. కోడి యీఁకలను, ప్రేగులను సంచిలోఁ గట్టి బాటప్రక్క విసరు మన పొరుగువారు ఈ సంగతి తెలిసికొన్న బాగుండును.

ఇదే ఊరకాకి సముద్రము దాఁటి తూర్పు ఆఫ్రికాకుఁ బోయి యచ్చట శత్రువైనది. 1890ల ప్రాంతమున జంజిబారు ద్వీపమునఁ జెత్త తినిపించుటకై దీనిని దెచ్చిరి. అది పెరిగి తీరమంతయు నిండి, అచ్చటి చిన్నపక్షుల గ్రుడ్లను బిల్లలను దినుచుండుటచే, 2024లో కెన్యా ప్రభుత్వము పది లక్షల కాకులను నిర్మూలింప సంకల్పించితి మని ప్రకటించినది. విషము పెట్టువారు మొదట విషము లేని మాంసపుఁ దునకలను గొన్నాళ్లు ఒకే చోట వేసి నమ్మకము గలిగింతురు. ఆ యుపాయము క్రూరమైనను దాని తొలిసగము మనకుఁ బనికివచ్చును.

మేమట్లే చేసితిమి. పెత్రమాసకు ముందు తొమ్మిది దినములు ప్రొద్దున ఏడుగంటలకుఁ బిట్టగోడపై నొకే మూలను విస్తరాకు ముక్కలో నేయి గలిపిన పప్పన్నమును నాలుగు ముద్దలు పెట్టుచు వచ్చితిమి. (పిట్టగోడ యని మన పెద్దలు పేరు పెట్టుట యెంత సార్థకము!) మొదటి మూఁడు దినములు పావురములే. నాలుగవనాఁడు ఎదుటి నీళ్లతొట్టిపై నొక కాకి వచ్చి కూర్చుండి, పది నిమిషములు మమ్ముఁ జూచి, యెగిరిపోయినది. వేఁటలో వట్టి దినమనఁగా నిదియే. చోటు మార్చుదమని మావారనిరి, వేళ మార్చుదమని నేనంటిని. అత్తగారు రెంటికిని ఒప్పుకొనలేదు. "దానికిఁ దెలియవలసినది మనము మాటతప్పము అని" అనిరి. ముద్దలు పెట్టి మేము మెట్లగది లోపలికిఁ బోయి తలుపు చేరవేయ నారంభించితిమి. ఎవరైన దన్నే చూచుచుండఁగాఁ గాకి తిండి ముట్టదు. ఐదవనాఁడు ముసురు, ఎవరును రాలేదు. ఆఱవనాఁడు ఆ నీళ్లతొట్టి కాకియే దిగి, ఒక ముద్దను దన్నుకొని పోయినది. మఱునాఁడు మూఁడు.

మా ప్రాంతమునఁ బిట్టలదొరలు వచ్చు వాడుక యుండెడిది. ఖాకీ దుస్తులు, కఱ్ఱతుపాకి, ఆకాశమునకు నిచ్చెన వేయు గొప్పలు; ఒక్క పిట్టయుఁ బడకున్నను వాని కెన్నఁడును వట్టిదినము లేదు. పొరుగింటావిడ మమ్ముఁ జూచి పిట్టలదొరల కాఁపురమని నవ్వెను గాని, పెత్రమాసకు రెండు దినముల ముందు తన విస్తరి గూడ మా గోడపైఁ బెట్టుదునా యని యడిగెను.

పురోహితుని ముందే యడిగితిమి. తర్పణాది విధులకుఁ జెప్పిన కాలము వానికే యుండునుగాక, వాయసమునకుఁ బెట్టునది అది వచ్చు వేళకుఁ బెట్టినఁ దప్పు లేదని యాయన సమ్మతించెను. కాకి యసలే రానిచోఁ బిండమును గోవునకుఁ బెట్టుటయు, నీటఁ గలుపుటయు వాడుకలో నున్నవే; పెద్దలు త్రోవ మూయలేదు. మఱియొక జాగ్రత్త. 2020 డిసెంబరు కడపటను, 2021 జనవరిలోను రాజస్థానమందలి ఝాలావాడులోను, మధ్యప్రదేశమందలి ఇందూరులోను గాకులు పక్షుల జ్వరముతోఁ జచ్చి పడినవి. పైకప్పునఁ జచ్చిన కాకి కనఁబడినచో దానిని వట్టి చేతులతో ముట్టరాదు, పిల్లలను బోనీయరాదు, పశువైద్యశాలకుఁ దెలుపవలెను.

21వ తేది ఆదివారము. ఏడుగంటలకు విస్తరులు రెండు పెట్టి తలుపు చేరవేసితిమి. సందులోనుండి అత్తగారు చూచుచుండిరి. మొదట నీళ్లతొట్టి కాకి వచ్చి, మా విస్తరిలో నన్నమును గాక గారెను దీసికొని యెదుటి మేడకుఁ బోయి, కాలి క్రిందఁ బెట్టుకొని చీల్చుకొని తిన్నది. పిమ్మట నైదాఱు దిగినవి. అత్తగారు వెనుకకుఁ దిరిగి, "అల్లము తగినంత వేసితివా?" అని నన్నడిగిరి. వేసితినని చెప్పితిని.

ఆ సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మ. వీధిలో గునుగు, తంగేడు పేర్చి యాడువారాడుచుండఁగా, కాకులు యథాప్రకారము నైరృతి దిక్కునకుఁ బోవుచుండెను. అవి నిద్రించు చెట్లున్న పరిసరముననే వ్యవసాయ విశ్వవిద్యాలయపు నేలలో నూఱెకరములు రాష్ట్రోన్నత న్యాయస్థానపు నూతన భవనములకుఁ గేటాయింపఁబడినవి. 2024 మార్చి 27వ తేదీని శంకుస్థాపన జరిగినది. న్యాయస్థానము రావలసినదే. ఏ చెట్లు నిలుచునో, ఏవి పోవునో వచ్చు జ్యేష్ఠము నాఁటికిఁ గొంత తెలియును. అప్పటికి మా పటముపై గీఁతలు మరల గీయవలసియుండును. అది గూండ్ల కాలము గావున మామగారి యాబ్దికమునకు మా మేడకు దగ్గఱగా నే చెట్టున నే జంట కాఁపురమున్నదో మాఘమునుండియే చూచుకొందమని అత్తగారు చెప్పిరి.